రెండు వేలాలు, ఒక వంతు

మూడు నెలల సంది ఏం రాయలేదు. "అన్నా మంచిగున్నవా, ఇండియా పోయినవా" అని చాలామంది మెసేజ్ పెట్టిండ్రు. ఎటూ పోలేదు, దుబాయిలనే ఉన్న. రాసే మనసు లేకుండె, అంతే. ఇయ్యాల ఆదివారం, బట్టలు ఉతికి ఆరేసి కూసున్న. కొంచెం పొడుగుంటది, చాయ్ పెట్టుకొని చదువుండ్రి.

వేలం అంటే మీకు ఏం యాదికొస్తది? చిన్నప్పుడు నాకైతే గణపతి లడ్డు వేలమే. ఊర్లె చింతచెట్ల వేలం, చెరువు చేపల వేలం కూడా చూసిన. పెండ్లయ్యి, అప్పులయినంక ఇంకో వేలం తెలిసింది. బ్యాంకుల కుదువ పెట్టిన బంగారం వేలం. మనలో ఈ మాట వింటే కడుపుల చెయ్యి పెట్టి దేవినట్టు కానోళ్ళు తక్కువ.

2023 ఆగస్టు ఆఖరు వారంల నాకు రెండు వేలాలు ఒక్కసారే ఎదురైనయి.

మొదటిది మా ఇంటిది. పొద్దుగాల నాలుగున్నరకు క్యాంపు బయట బస్సు కోసం లైన్ల నిలబడ్డ. మా ఆమె వాట్సాప్ల ఒక కాగితం ఫోటో పెట్టింది. లోన్ నంబరు, పేరు, కట్టాల్సిన పైసలు 89,600, ఒక తారీఖు. ఆ తారీఖు లోపల కట్టకపోతే నగలు వేలమేస్తం అని. వెంటనే ఫోన్ చేసిన.

"ఎప్పుడచ్చింది?"

"నిన్న పోస్టుల అచ్చింది. నీకు రాత్రే చెప్పకపోతి, నిద్ర పోవని."

అది ఆమె హారం. రెండున్నర తులాలు. 2022ల మా నాయిన ఆపరేషన్‌కు దాన్ని పెట్టి 80 వేలు తెచ్చినం. ఏడాదిల విడిపిస్త అన్న. మధ్యల రెండు నెలలు ఓవర్‌టైమ్ బంద్ అయింది, పిల్లల ఫీజులు వచ్చినయి. వడ్డీ కట్టుడు కూడా తప్పింది. తప్పు నాదే, ఇంకెవరిదీ కాదు.

రెండో వేలం చెప్పేముందు నా పని సంగతి చెప్పాలె, కొత్తగ చదివేటోళ్ళ కోసం. నాది జగిత్యాల జిల్లా. 2013ల ఇక్కడికి బిల్డింగ్ పెయింటర్‌గ వచ్చిన. ఏడేండ్లు గోడలకు రంగులేసిన. తర్వాత నడుము పట్టేస్తుంటే ప్యాకింగ్ చేసే ఒక కంపెనీల హెల్పర్‌గ చేరిన. జీతం అన్నీ కలిపి 1,500 దిర్హాములు. మా కంపెనీ మోసేది సోఫాలు, బీరువాలు కాదు. బొమ్మలు. పెద్ద పెద్దోళ్ళ ఇండ్లల్ల, గ్యాలరీలల్ల, వేలం పాటలల్ల పెట్టే పెయింటింగులు.

ఈ పనికి కొన్ని పద్ధతులున్నయి. ఉత్త చేతులతో పట్టొద్దు, గ్లౌజులు ఉండాలె. ఫ్రేము పైకట్టె పట్టి లేపొద్దు, ఒక చెయ్యి కింద, ఒక చెయ్యి పక్కకు. పెద్దదైతే ఇద్దరు. చెక్కపెట్టెకు మేకులు కొట్టొద్దు, స్క్రూలే, ఎందుకంటే సుత్తి దెబ్బకు లోపలి రంగు అదురుతది. పెట్టె తెరవంగనే ఒకాయన టార్చి పట్టి మూలమూల చూసి, ఎక్కడన్న గీత పడ్డదా, పెచ్చు లేచిందా అని రాసుకుంటడు. మనకు జరమొస్తే గింత చూసేటోడు ఉండడు అని మేం నవ్వుకుంటం.

నోటీసు వచ్చిన ఆ దినమే ఒక వేలం సంస్థ వాళ్ళ హాలుకు పోయినం. అమ్మకానికి ముందు కొనేటోళ్ళు వచ్చి చూసుకోవడానికి బొమ్మలు గోడకు తగిలించాలె. అందులో ఒకటి విప్పిన. నడుమ పెద్ద నల్ల గుండ్రం. దాని చుట్టూ చతురస్రం గీతలు. కింద త్రికోణాలు, కొన్ని పైకి చూస్తున్నయి, కొన్ని కిందికి. ఎరుపు, పసుపు, నీలం, తెలుపు, మట్టిరంగు. మనిషి లేడు, చెట్టు లేదు, ఇల్లు లేదు. నేను, ఒక ఫిలిప్పీన్స్ తమ్ముడు కలిసి తగిలించినం. రసమట్టం పెట్టి చూస్తే గాలిబుడగ నడుమ నిలబడ్డది. మా సూపర్‌వైజర్ కేరళాయన. "జాగ్రత్త, మీ ఇండియా వాడిదే" అని హిందీల నవ్విండు. తనది కూడా ఇండియానే అని మర్చిపోయిండు కావచ్చు. కింద చీటీ మీద పేరు ఉంది, ఎస్.హెచ్. రజా.

పేరు ఎన్నడూ వినలేదు. నా తలకాయ నిండ 89,600 తిరుగుతుంది. ఆ దినం అంత చూసి పక్కకు జరిగిన.

నాలుగైదు రోజులకు మా రూమ్ల కామారెడ్డి తమ్ముడు ఫోన్ల వార్త చూసి గట్టిగ చదివిండు. ఆగస్టు 31 నాడు ముంబైలో పుండోలేస్ అనే వేలం సంస్థలో రజా బొమ్మ ఒకటి 51.75 కోట్ల రూపాయలకు పోయింది. పేరు జెస్టేషన్, అంటే కడుపుల బిడ్డ పెరుగుడు. 1989ల గీసింది. అప్పటిదాకా భారతీయ చిత్రకారుల బొమ్మ ఏదీ వేలంల అంత ధరకు పోలేదట. ఫోటో చూస్తే నేను తగిలించిన దాని తీరే, గుండ్రం, త్రికోణాలు, గళ్ళు.

రూమంత నవ్వులు. "చుక్క పెట్టి 51 కోట్లా? నేను పది చుక్కలు పెడత, ఒక్క కోటి ఇయ్యమను." ఇంకొకడు క్యాలిక్యులేటర్ తీసిండు. నా జీతం రూపాయలల్ల దగ్గర దగ్గర 33,700. ఆ లెక్కన 51.75 కోట్లు సంపాదించాలంటే పైస ఖర్చు పెట్టకుండ 1,280 ఏండ్లు పని చెయ్యాలె. అంటే ఓరుగల్లుల కాకతీయుల రాజ్యం రాకముందే నేను దుబాయి విమానం ఎక్కి ఉండాలె. నేను కూడా నవ్విన. రాత్రి మాత్రం నిద్ర రాలేదు. ఒకదిక్కు రెండున్నర తులాల వేలం, ఒకదిక్కు చుక్క వేలం.

ఆ రాత్రి, తర్వాత ఇంకో నాలుగైదు రాత్రులు, ఆ రజా ఎవరో ఫోన్ల చూసిన, చదివిన. మీకు చెప్పాలనిపించింది అందుకే.

ఆయన మనలాంటి వలస మనిషే. 1922ల ఇప్పటి మధ్యప్రదేశ్ల మండ్లా జిల్లా, బాబరియా అనే అడవి ఊర్లె పుట్టిండు. నాయిన అడవిశాఖల చిన్న ఆఫీసరు. నర్మద ఒడ్డు, చుట్టూ అడవి. బడిల కుదురు లేని పిల్లగాడట. ఒకనాడు పంతులు గోడ మీద ఒక చుక్క పెట్టి, దాన్నే చూస్తూ కూసోమన్నడు. మొదట ఏం అర్థం కాలేదు, మెల్లగ మనసు ఒకచోట నిలబడ్డది. ఈ ముచ్చట ఆయన ముసలితనం దాకా చెప్పుకున్నడు.

నాగపూర్ల, తర్వాత ముంబైల బొమ్మల చదువు. ముంబైల పని చేసుకుంటూ చదివిండు. 1947ల హుస్సేన్, సూజా లాంటోళ్ళతో కలిసి ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూప్ పెట్టిండు. దేశం రెండు ముక్కలయినప్పుడు అన్నదమ్ములు పాకిస్తాన్ పోయిండ్రు, ఈయన పోలేదు. 1948ల కాశ్మీర్‌ల కార్టియర్-బ్రెసన్ అనే ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్ ఈయన బొమ్మలు చూసి, నీకు చెయ్యి ఉంది గని బొమ్మల కట్టుబడి లేదు, సెజాన్‌ను చూసి నేర్చుకో అన్నడట. కట్టుబడి! ఆ మాట దగ్గర నేను ఆగిపోయిన. మనం రోజూ సైటు మీద వినే మాట అది. గోడ అయినా, బొమ్మ అయినా, లోపల నిలబెట్టేది ఉండాలె.

1950ల ఫ్రెంచ్ సర్కారు స్కాలర్‌షిప్ మీద పారిస్ పోయిండు. అరవై ఏండ్లు అక్కడనే ఉన్నడు. అక్కడి అమ్మాయినే, ఆమె కూడా చిత్రకారిణి, పెండ్లి చేసుకున్నడు. 1956ల అక్కడి విమర్శకులు ఇచ్చే పెద్ద బహుమతి వచ్చింది. పేరు వచ్చింది, పైసలు వచ్చినయి. అయినా ఏదో తక్కువైందని, 1970లల్ల మళ్ళీ మళ్ళీ ఇండియాకు వచ్చి తిరిగిపోయిండు. అప్పుడు చిన్ననాటి చుక్క మళ్ళీ దొరికింది. దానికి బిందు అని పేరు పెట్టుకున్నడు. అప్పటి నుంచి గుండ్రం, త్రికోణం, చతురస్రం, గీత. పంచభూతాలకు రంగులు. అవే రూపాలు ముప్పై ఏండ్లు గీసిండు.

1981ల ఆయన గీసిన ఒక బొమ్మ పేరు మా, అంటే అమ్మ. అందులో నల్ల బిందువు ఉంది, అశోక్ వాజ్‌పేయి హిందీ కవితల నుంచి ఒక మాట కూడా రంగుతో రాసిండు. దూరం పోయిన కొడుకు అమ్మతోని తిరిగి వచ్చుడు గురించి మాట్లాడే మాట. మొత్తం నేను ఇక్కడ రాయను, మీరే చూడండి. కార్గో డబ్బా కట్టుకొని సెలవు మీద ఇంటికి పోయే ప్రతి మనిషి గుండెల ఉండేదే అది.

చుక్క ముచ్చట చదువుతుంటే నాకు మా అమ్మ యాదికొచ్చింది. తెల్లారక ముందే లేసి, వాకిట్ల సాన్పు చల్లి, ముగ్గు బుక్కెడు పట్టుకొని ముందుగాల చుక్కలే పెట్టేది. పదకొండు చుక్కలు, పదకొండు వరుసలు, సందు చుక్కలు. ఒక్క చుక్క పక్కకు జరిగితే చెరిపి మళ్ళీ పెట్టేది. నేను నిద్రమొఖంతోని కూసొని చూసేటోణ్ణి. తర్వాత గీతలు కలిపేది. ఎనిమిది గంటల వరకు బర్లు తొక్కేవి, సైకిళ్ళు తొక్కేవి. మళ్ళీ తెల్లారి కొత్తది. దానికి ఎన్నడూ ఎవ్వరూ ధర కట్టలేదు. మా అమ్మ కూడా అడగలేదు.

పెయింటర్‌గ ఇంకో మాట చెప్తా. "ఈ గీతలు నేను గియ్యనా" అని నవ్వుడు అలక. గోడ మీద రెండు రంగులు కలిసే కాడ గీత సక్కగ రావాలంటే ఎంత తిప్పలో రోలర్ పట్టినోనికి తెలుసు. టేపు వేసినా కిందికెళ్ళి రంగు కారుతది. టేపు గుంజినప్పుడు పెచ్చు లేస్తది. హాలులో ఆ బొమ్మ మళ్ళీ దించే దినం నేను దగ్గరికి పోయి చూసిన. అంచులు టేపుతోని కోసినట్టు లేవు. చెయ్యి కొద్దిగ వణికినట్టు, ఊపిరి తీసుకున్నట్టు ఉన్నయి. నలుపు కూడా ఒక్క నలుపు కాదు, ఒకదాని మీద ఒకటి. ఎర్రటి దాని పక్కన అది ఇంకా లోతుగ కనబడుతుంది. నాకు అర్థమైందని చెప్పను. గని అది లేబర్ పని అని మాత్రం అర్థమైంది. మోకాళ్ళ మీద కూసొని ఎవరో గంటలు గంటలు చేసిన పని.

ఇప్పుడు ధర ముచ్చటకొస్తా. బొమ్మల వేలం ఎట్లుంటదో ఒకసారి గోడకు నిలబడి చూసిన. మన లడ్డు వేలం తీరు అరుపులు ఉండయి. ముందే పుస్తకం అచ్చేస్తరు, ఒక్కో బొమ్మకు లాట్ నంబరు, ఇంత నుంచి ఇంత రావచ్చని అంచనా. ఇంతకు తక్కువైతే అమ్మం అనే ధర ఒకటి లోపల దాచి పెట్టుకుంటరు. వచ్చినోళ్ళు నంబరు పలక లేపుతరు. కొందరు ఎక్కడో కూసొని ఫోన్ల పాడుతరు, వాళ్ళ తరపున ఇక్కడ ఒక ఉద్యోగి ఫోను చెవిల పెట్టుకొని చెయ్యి లేపుతడు. రెండు మూడు నిమిషాలల్ల సుత్తి పడుతది. దాని మీద సంస్థ కమీషన్ వేరే. అయిపాయె, తర్వాతి లాటు.

ఇగ బంగారం. కొనేటప్పుడు మనం ఏం కడతం? బంగారం ధర, తరుగు, మజూరి. కుదువ పెట్టేటప్పుడు, వేలమేసేటప్పుడు ఒక్కటే లెక్క, తూకం. రాళ్ళ బరువు తీసేస్తరు. అవుసలాయన దీపం ముందట కూసొని, ఊదుగొట్టం ఊది, తీగ సాగదీసి చేసిన పనికి సున్న. కొన్నోళ్ళు దాన్ని కరగబెట్టేస్తరు.

బొమ్మల వేలం దీనికి ఉల్టా. బట్టకు, చెక్కకు, రంగుకు ఎంతయితదో కొటేషన్ నేనే ఇయ్యగల్ల. తూకం లెక్కన అది రెండు పూటల కూలి. మిగిలిందంత మజూరే. ఒక చోట చేతిపనికి సున్న, ఇంకోచోట చేతిపనికే 51 కోట్లు.

గని రెండింట్లనూ ఒకటి మాత్రం ఒక్కతీరే. సుత్తి పడ్డప్పుడు వచ్చే పైసలు ఆ పని చేసిన చేతికి పోవు. రజా 2016 జూలై 23న పోయిండు. ఆయన గీసిన సౌరాష్ట్ర అనే బొమ్మ 2010ల లండన్ల క్రిస్టీస్ వేలంల 16 కోట్ల పైననే పలికింది. అప్పుడు ఆయన బతికే ఉన్నడు, 88 ఏండ్లు. గని బొమ్మ అప్పటికే ఆయన చేతిల లేదు, పైసలు అమ్మినోళ్ళవి. ఫ్రాన్స్‌ల 1920 నుంచే ఒక చట్టం ఉంది, బొమ్మ మళ్ళీ అమ్ముడుపోతే గీసినోనికో వారసులకో కొంత భాగం ఇయ్యాలె. మన ఇండియా కాపీరైట్ చట్టంలో కూడా సెక్షన్ 53ఏ అని ఉంది. మళ్ళీ అమ్మిన ధర 10 వేలు దాటితే గీసినోనికి వాటా, పది శాతం మించకుండ. ఇన్ని వేలం వార్తలు చదివిన గని, ఆ వాటా ముచ్చట నాకైతే ఎక్కడా కనబడలేదు.

మనకు మాత్రం కొత్తనా ఇది? నేను రంగులేసిన ఫ్లాట్లు ఇప్పుడు రెండింతలకు అమ్ముడుపోతున్నయి. పోయిన నెల ఆ బిల్డింగు ముందట నుంచే మా ట్రక్కు పోయింది. పదో అంతస్తు బాల్కనీ మూల కటింగ్ నేనే కొట్టిన. నాకు వాటా రావాలని కాదు. గని ధర పెరిగేది చెయ్యి కడుక్కొని పోయినంకనే అని ఆ దినం తెలిసింది. రజా లాంటి పెద్దాయనకే అట్లయితే మనమెంత అని జర ధైర్యం వచ్చింది, జర కోపం వచ్చింది.

మా ఆమెకు ఫోన్ల ఇవన్నీ చెప్పిన. అంత విని ఆమె ఒక్క మాట అన్నది.

"పైసలది గాదు. గది మా అమ్మ చేయించింది. మా ఊరి అవుసలాయన చేసిండు, ఆయన గూడ లేడు ఇప్పుడు. మళ్ళ గసొంటిది ఎవ్వలు చేస్తరు? కరగబెడుతరట గదా."

నా దగ్గర జవాబు లేదు. పొద్దంత గ్లౌజులు వేసుకొని వేరేటోళ్ళ బొమ్మలు గీత పడకుండ మోస్తున్న. మా ఇంట్ల చేతిపని మాత్రం కొలిమిలకు పోతుంది.

మా రూమ్ల ఒక చిట్టి ఉంది. పది మందిమి, నెలకు 400 దిర్హాములు. ఇది పాట చిట్టి కాదు. ఎక్కువ తగ్గించి పాడినోనికి ఇచ్చుడు లేదు, వంతు ప్రకారమే. సెప్టెంబరు వంతు కామారెడ్డి తమ్మునిది. చెల్లె పెండ్లికి దాచుకుంటున్నడు. నేను అడగలేదు, ఒట్టు. నోటీసు ఫోటో వాడే చూసిండు. "అన్నా, పెండ్లి మాఘమాసంల. నీ వంతు డిసెంబరుల ఉంది గదా, నాకియ్యి. ఇది నువ్వు ఎత్తుకో" అన్నడు. నాలుగువేల దిర్హాములు. ఆ దినం రేటుకు 90 వేలకు కొంచెం అటూ ఇటూ. నాకు కండ్లల్ల నీళ్ళు తిరిగినయి, బాత్రూంకు పోయి వచ్చిన.

మా ఆమె మొదటి బస్సుకు మండలానికి పోయింది. మూడు గంటలు కూసోబెట్టిండ్రు. కట్టి, సంతకం చేసి, తీసుకున్నది. "నా ముంగటనే తూచిండ్రు, పెట్టినప్పటి తూకమే ఉన్నది" అని చెప్పింది. నేను అడిగిన, హారం బిళ్ళను దగ్గర నుంచి ఫోటో తీసి పంపమని. "ఎందుకు, అమ్ముతవా ఏంది" అని నవ్వింది. పంపింది.

పెండ్లయిన పదకొండేండ్లకు ఆ బిళ్ళను నేను మొదటిసారి సరిగ చూసిన. నడుమ ఒక పచ్చరాయి. దాని చుట్టూ ఆవగింజలంత గుండ్లు, ఒకదాని పక్కన ఒకటి. లెక్కపెట్టిన, ఇరవై నాలుగు. ఒకటి కొంచెం పక్కకు ఒరిగింది. ఆడ ఆ అవుసలాయన చెయ్యి ఆగి ఉంటది. ఫోన్ పెద్దగ చేసి చాలాసేపు చూసిన. మెడల వేసుకొని ఆమె ఎన్నిసార్లు నా ముందట తిరిగిందో, ఒక్కసారి కూడా చూడకపోతి.

జెస్టేషన్ రికార్డు నెల తిరగకముందే పోయింది. అదే సెప్టెంబరుల అమృతా షేర్‌గిల్ బొమ్మ ఒకటి 61.8 కోట్లకు పోయింది. అదీ 2025ల పోయింది. వేలంల రికార్డు అంతే. రజా మాత్రం 2010 ఆఖర్ల, అరవై ఏండ్ల తర్వాత, తిరిగి ఇండియాకు వచ్చేసిండు. ఢిల్లీల పోయినంక ఆయన కోరిక ప్రకారం మండ్లాకు తీసుకుపోయి, వాళ్ళ నాయిన పక్కన్నే పెట్టిండ్రు.

ఆఖరికి పనికొచ్చే మాట. మీ ఇంట్ల బంగారం కుదువ ఉంటే, ఆ కాగితం ఫోటో ఇయ్యాలనే తెప్పించుకోండి. గడువు తారీఖు ఫోన్ల అలారం పెట్టుకోండి. అసలు కట్టలేకపోతే వడ్డీ అన్న కట్టి రెన్యువల్ చేయించుకోండి. నోటీసు వస్తే దాచిపెట్టొద్దని ఇంట్ల చెప్పండి, వెంటనే పోయి మాట్లాడమనండి. ఒకవేళ వేలమే అయిపోతే, అప్పు, వడ్డీ, ఖర్చులు పోను మిగిలింది మనకు వాపస్ ఇయ్యాలె, అడగండి. సిగ్గుపడి ఊకుంటే అది కూడా పోతది.

డిసెంబరు వంతు కామారెడ్డి తమ్మునికి ఇచ్చేసిన. నోట్లు లెక్కపెట్టకుండనే జేబుల పెట్టుకున్నడు. పెండ్లికి నన్ను రమ్మన్నడు. సెలవు దొరికితే పోత.